గుళ్ళోకి వెళ్ళకుండా ప్రదక్షిణ: పార్కు టికెట్ కొనకుండా డిస్నీ వరల్డ్‌లో నాలుగు రాత్రులు

ముందే చెప్పేస్తున్నాను, ఇది డిస్నీ పార్కుల రివ్యూ కాదు. ఓర్లాండో వెళ్ళి, డిస్నీ వరల్డ్ లోపలే ఉన్న హోటల్లో నాలుగు రాత్రులు ఉండి, అక్కడున్న నాలుగు పార్కుల్లో ఒక్కదాని గేటు కూడా దాటకుండా తిరిగొచ్చాం. ఈ మాట చెప్తే మా ఆఫీసులో ఒక తెలుగావిడ నోరు తెరిచింది. "తిరుపతి దాకా పోయి కొండెక్కకుండా వచ్చారా?" అంది. అవును, ఎక్కలేదు. మళ్ళీ వెళ్తే కూడా ఎక్కమేమో, ఎందుకో చెప్తాను.

మా అమ్మానాన్నలు ఒంగోలు దగ్గర పల్లెటూరి నుంచి ఆర్నెల్లకని వచ్చారు. నాన్నకు 72 ఏళ్ళు, మనిషి గట్టివాడే కానీ గంటకో కాఫీ, మధ్యాహ్నం ఓ కునుకు లేకపోతే కుదరదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మాకు ఎనిమిదేళ్ళ పాప, రెండేళ్ళ బాబు. మేముండేది అట్లాంటా దగ్గర, అక్కడి నుంచి ఓర్లాండోకు కారులో ఏడు గంటలంటారు, మాకు తొమ్మిది పట్టింది, ఎందుకంటే బాబు ఏడ్చినప్పుడల్లా ఒకసారి, నాన్నకు కాఫీ అన్నప్పుడల్లా ఒకసారి ఆగాలి కదా. ఇది 2023 డిసెంబర్ మొదటి వారం సంగతి.

అంతకు ముందొకసారి, వాళ్ళు పోయినసారి వచ్చినప్పుడు, ఇంకో ఊళ్ళో ఒక పెద్ద పార్కుకు తీసుకెళ్ళాం. పేరు అనవసరం. ఆ రోజు నాన్న ఏడు గంటలు ఒకే బెంచీ మీద మా బ్యాగులకు కాపలా కూర్చున్నాడు. అమ్మ ఒక పడవ రైడ్ కోసం ఎండలో గంటా ఇరవై నిమిషాలు లైన్లో నిలబడింది, తీరా మా వంతు వచ్చేసరికి రైడ్ ఆగిపోయిందన్నారు. రాత్రి హోటల్‌కొచ్చాక కాళ్ళకు జండూ బామ్ రాసుకుంటూ "బానే ఉందమ్మా, శుభ్రంగా పెట్టుకున్నారు" అంది. కూతురి డబ్బులు దండగయ్యాయని తెలిసినా తల్లులు ఎలా మాట్లాడతారో అలా. అప్పుడే అనుకున్నాను, వీళ్ళని మళ్ళీ పార్కు లైన్లో నిలబెట్టకూడదని.

ఇక లెక్కల సంగతి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. 2023లో డిస్నీ వరల్డ్‌లో ఒక పార్కుకు ఒక్కరోజు టికెట్, రోజునీ పార్కునీ బట్టి, 109 నుంచి 189 డాలర్ల దాకా ఉంది. మూడేళ్ళలోపు పిల్లలకు ఉచితం కాబట్టి బాబును తీసేస్తే మేం ఐదుగురం. అంటే ఒక్కరోజుకు ఏడెనిమిది వందల డాలర్లు, అదీ లోపలికి అడుగు పెట్టడానికి మాత్రమే. లైన్ తప్పించుకునే పాసులూ తిండీ దానికి అదనం. మేం తీసుకున్న గది ఒక రాత్రికి ఇంచుమించు 700 పడింది. ఖరీదే, కాదనను. కానీ ఒకరోజు టికెట్ల డబ్బు తీసి ఒక రాత్రి గదికి పెట్టాం అనుకుంటే, బెంచీ మీద కూర్చోవడానికి బదులు బాల్కనీలో కూర్చోవడానికి కట్టినట్టు.

ఆ గది యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో. పేరు చూసి చాలామంది పొరపడతారు, అది యానిమల్ కింగ్‌డమ్ పార్కు కాదు, దానికి కొంచెం దూరంలో ఉన్న వేరే హోటల్. 2001లో తెరిచారు. రెండు భవనాలు: జాంబో హౌస్, 2009లో వచ్చిన కిడానీ విలేజ్. రెండింటి వెనకా గడ్డి మైదానాలు, వాటిలో ఆఫ్రికా జంతువులు తిరుగుతుంటాయి. జిరాఫీలు, జీబ్రాలు, రకరకాల జింకలు, నిప్పుకోళ్ళు, అన్నీ కలిపి రెండొందలకు పైనే. సింహాలూ ఏనుగులూ ఉండవు, ముందే తెలుసుకుని వెళ్ళండి, మా పాప మొదటి రోజంతా సింహం కోసం వెతికింది.

మేం కిడానీలో ఒక బెడ్రూం విల్లా తీసుకున్నాం, మైదానం వైపు బాల్కనీతో. ఐదుగురు, ఒక ఉయ్యాల పిల్లాడు పడతారు. తెలుగు కుటుంబాలకు ఈ గదుల గురించి ఎవరూ ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. ఒక బెడ్రూమే అయినా రెండు పూర్తి బాత్రూములుంటాయి (పెద్దవాళ్ళతో ప్రయాణం చేసినవాళ్ళకు ఈ ఒక్క మాట చాలు). పెద్ద ఫ్రిజ్, స్టవ్, మైక్రోవేవ్, గిన్నెలు కడిగే మెషీన్, బట్టలుతికే మెషీన్, గిన్నెలూ కంచాలూ అన్నీ ఉంటాయి. మాతో బియ్యం, కందిపప్పు, గోంగూర పచ్చడి, ఫిల్టరు, కాఫీ పొడి, ఇంకా అమ్మ నమ్మకమైన బుల్లి కుక్కరు తీసుకెళ్ళాం. ఒక్క భయం ఉండేది, పోపు వేస్తే పొగకు అలారం మోగుతుందేమోనని. అమ్మ వేసిన ప్రతిసారీ మా ఆయన బాల్కనీ తలుపు తీసి, ఒక కంచం పట్టుకుని పొగను బయటికి విసురుతూ నిలబడ్డాడు. ఇంగువ వాసన ఆఫ్రికా గడ్డి మైదానంలోకి పోయింది. జిరాఫీలకు అభ్యంతరం ఉన్నట్టు కనపళ్ళేదు.

మొదటి రోజు పొద్దున ఆరున్నరకు లేచి చూస్తే నాన్న అప్పటికే బాల్కనీలో ఉన్నాడు, శాలువా కప్పుకుని, స్టీలు గ్లాసులో కాఫీతో. ముప్పై గజాల దూరంలో ఒక జిరాఫీ చెట్టుకు కట్టిన మేత తింటోంది. నాన్న మాత్రం దాన్ని చూడ్డం లేదు. ఆ వెనకాల, ఇంత పొడుగు కొమ్ములున్న ఎర్రటి పశువు ఒకటి నింపాదిగా నడుస్తోంది, చూపంతా దాని మీదే. "అదేం జాతి?" అన్నాడు. ఫోన్లో చూసి "అంకోలే అంట నాన్నా" అన్నాను. నా వైపు తిరిగి "ఒంగోలా?" అన్నాడు. "కాదు, అంకోలే. ఉగాండా వైపు పశువులట." "ఏమో, ఒంగోలు లాగే వినిపించింది" అని మళ్ళీ అటు తిరిగాడు. అంతే, ఆ నాలుగు రోజులూ ఆయనకు డిస్నీ అంటే ఆ పశువులే.

నాన్న వయసులో ఉన్నప్పుడు మా ఇంట్లో గిత్తల జత ఉండేది, పందేలకు కాదు కానీ చుట్టుపక్కల నలుగురూ వచ్చి చూసే గిత్తలు. మన పశువుల్ని బ్రెజిల్ వాళ్ళు తీసుకెళ్ళి, నెల్లూరు పేరు మీద నెలోర్ అని పిలుచుకుంటూ కోట్లలో పెంచారని ఆయన ఎవరు దొరికితే వాళ్ళకి చెప్తాడు. ఇక్కడ కూడా చెప్పాడు. ఆ హోటల్లో ఆఫ్రికా దేశాల నుంచి వచ్చి పనిచేసేవాళ్ళు ఉంటారు, వచ్చినవాళ్ళతో మాట్లాడటం, జంతువుల గురించీ తమ ఊళ్ళ గురించీ చెప్పటం కూడా వాళ్ళ పనిలో భాగమే. బోట్స్‌వానా నుంచి వచ్చిన ఒక కుర్రాడు, మైదానం అంచున నిలబడి, అంకోలే కొమ్ముల లోపల రక్తం తిరుగుతుందనీ, ఒంట్లో వేడి తగ్గటానికి అవి పనికొస్తాయనీ చెప్పాడు. నాన్న వెంటనే "మన గిత్తకు మూపురం, గంగడోలు ఎట్లాగో దీనికి కొమ్ములు అట్లా అన్నమాట, చెప్పమ్మా ఆ అబ్బాయికి" అన్నాడు. గంగడోలుకు ఇంగ్లీషు ఏమిటో నాకు రాదు. మెడ కింద చెయ్యి ఊపి చూపించాను. ఆ కుర్రాడికి వెంటనే అర్థమైంది, వాళ్ళింట్లో కూడా పశువులున్నాయట. వాళ్ళ భాషలో దాన్ని ఏమంటారో చెప్పి, నాన్నతో పలికించాడు. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు, మధ్యలో దుబాసీగా నేను. ఏ పార్కు టికెట్టుకూ ఇది రాదు.

లాడ్జ్ లోపల కూడా చూడ్డానికి చాలా ఉంది. జాంబో హౌస్ లాబీలో ఇజెలే అని ఒక పెద్ద ముసుగు వేషం ఉంటుంది, నైజీరియా ఇగ్బో వాళ్ళది, పదహారు అడుగుల ఎత్తు, రంగురంగుల గుడ్డలూ బొమ్మలూ అతికించి. అమ్మ దాన్ని చూసి "ఇది కోటప్పకొండ ప్రభే కదే" అంది. నిజంగానే అలా ఉంది. తేడా ఏంటంటే మన ప్రభను బండి మీద పెట్టి లాగుతారు, దీన్ని ఒక మనిషి నెత్తిన పెట్టుకుని ఆడతాడట. అది చెప్తే అమ్మ రెండు నిమిషాలు అక్కడే నిలబడిపోయింది. హోటల్లో బస చేయనివాళ్ళు కూడా ఈ లాబీకి వెళ్ళొచ్చు, మైదానాన్ని చూడటానికి వెనక వైపు చోటు కూడా ఉంది.

తిండి గురించి. కిడానీలో సనా అని రెస్టారెంటు ఉంది, కిటికీల అవతలే జంతువులు తిరుగుతుంటాయి. ఆఫ్రికా వంటకు మన దేశపు రుచులు కలిపి చేస్తారు. వాళ్ళ దగ్గర పేరున్నది బ్రెడ్ సర్వీస్: ఐదు రకాల రొట్టెలు (నాన్‌లు, ఉల్లి కుల్చా, పనీర్ పరాఠా), వాటికి తొమ్మిది నంజుళ్ళు. మామిడి చట్నీ, చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, రైతా, వెల్లుల్లి ఊరగాయ, ఎర్ర మిరపకాయల కారం అలా. అమెరికన్లు దీని కోసం పార్కు మధ్యలో వదిలేసి వస్తారు. మన నాలుకకు ఇది కొత్తేమీ కాదు కాబట్టి అంత ఎగరక్కర్లేదు, కానీ బయట తిరిగినన్ని రోజులూ ఎక్కడో ఒక చోట కారం దొరకడం పెద్దవాళ్ళకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. నాన్న ఆ వెల్లుల్లి ఊరగాయ గిన్నె ఖాళీ చేసి, రొట్టె కాదు, అన్నం ఉందా అని అడగమన్నాడు. డిస్నీ హోటళ్ళలో కూర్చుని తినే రెస్టారెంట్లకు అరవై రోజుల ముందు నుంచి బుకింగ్ తీసుకుంటారు, సనాకు ముందే చేసుకోండి. ఒక పూట బుద్ధి గడ్డి తిని బయట ఒక తెలుగు హోటల్‌కు బిర్యానీ కోసం వెళ్ళాం, పేరు చెప్పను, గంటన్నర కూర్చోబెట్టారు. మిగతా పూటలన్నీ పప్పు, పెరుగు, గోంగూర. హాయి.

స్విమ్మింగ్ పూల్ ఆ హోటల్లో ఉన్నవాళ్ళకే. నీళ్ళు వెచ్చగా ఉంచుతారు కాబట్టి డిసెంబర్లో కూడా ఇబ్బంది లేదు. ఒక వైపు నేల అలా అలా దిగుతూ నీళ్ళలోకి పోతుంది, మెట్లుండవు, అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మోకాళ్ళ దాకా దిగి నిలబడింది. పిల్లలకు లైఫ్ జాకెట్లు ఊరికే ఇస్తారు. పాప జారుడుబల్ల ఎన్నిసార్లు ఎక్కిందో లెక్క లేదు. అక్కడ లైన్ ఎంతో తెలుసా? నలుగురు.

ఇప్పుడు అసలు విషయం. హోటల్ దాటి బయటికెళ్తే టికెట్ లేకుండా ఏం చేస్తారు? డిస్నీ వరల్డ్ అంటే నాలుగు పార్కులే (మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్) అనుకుంటాం కానీ అది నలభై చదరపు మైళ్ళ పైచిలుకు స్థలం, పాతికకు పైగా హోటళ్ళు, వాటి మధ్య బస్సులు, పడవలు, మోనోరైలు, తీగ మీద నడిచే డబ్బాలు. వీటిల్లో దేనికీ టికెట్ లేదు. ఒక్క చిక్కేమిటంటే ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కు నేరుగా బస్సుండదు. ఏదో ఒక పార్కు గేటు దాకా పోయి అక్కడ మారాలి. దాన్నే మేం వాడుకున్నాం.

రెండో రోజు ఇలా తిరిగాం, రాసుకోండి, పనికొస్తుంది. కిడానీ నుంచి హాలీవుడ్ స్టూడియోస్ బస్సు. గేటు లోపలికి పోకుండా బయటే ఉన్న స్కైలైనర్ (ఆ తీగ మీది డబ్బాల పేరు ఇదే) స్టేషన్‌కు నడిచాం. 2019లో పెట్టారు దీన్ని. అమ్మ ముందు ఎక్కనంది. శ్రీశైలంలో పాతాళగంగకు దిగే రోప్‌వే ఎక్కావు కదమ్మా అంటే, "అది దేవుడి పని మీద ఎక్కాను" అంది. చివరికి ఎక్కింది. కరిబియన్ బీచ్ హోటల్ దగ్గర మారి, రివియేరా హోటల్ మీదుగా ఎప్‌కాట్ వెనక గేటు దగ్గర దిగాం. పై నుంచి చెరువులు, హోటళ్ళు, ఈత కొడుతున్న జనం, అన్నీ కనిపిస్తాయి. ఆ డబ్బాల్లో ఏసీ ఉండదు, కదులుతున్నంతసేపూ గాలి ఆడుతుంది. అక్కడి నుంచి ఐదు పది నిమిషాలు నడిస్తే బోర్డ్‌వాక్. చెరువు గట్టున చెక్క బాట, పాతకాలపు దీపాలు, ఐస్‌క్రీములు. గంటన్నర కూర్చున్నాం. నాన్న బెంచీ మీద కునుకు కూడా తీశాడు. ఈసారి బ్యాగులకు కాపలా లేకుండా. అక్కడే పడవ ఎక్కితే మళ్ళీ హాలీవుడ్ స్టూడియోస్ దగ్గరే దించుతుంది, బస్సెక్కి గదికి.

పడవలో అమ్మ లెక్క వేసుకుని అంది, "అంటే ఒక గేటు దగ్గర మొదలెట్టి, ఇంకో గేటు ముందు నుంచి పోయి, మళ్ళీ మొదటి గేటుకొచ్చాం. గుళ్ళోకి పోకుండా ప్రదక్షిణ చేసినట్టుంది." మొత్తం ఖర్చు, ఐస్‌క్రీములు మాత్రమే. (పెద్దవాళ్ళు నడవలేకపోతే హోటల్లో డిపాజిట్ కట్టి వీల్‌చెయిర్ తీసుకోవచ్చు, స్కైలైనర్‌లోకి అది నేరుగా ఎక్కుతుంది. అమ్మ మొదట సిగ్గుపడి వద్దంది, మూడో రోజుకు తనే అడిగింది.)

మూడో రోజు మ్యాజిక్ కింగ్‌డమ్ వైపు. ఇది ఎనిమిదేళ్ళ పిల్ల ఉన్నవాళ్ళకు గట్టి పరీక్ష. బస్సు సరిగ్గా మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు పక్కన దించుతుంది. సెక్యూరిటీ దాటాక జనమంతా కుడివైపు గేటుకు పోతుంటే మేం మోనోరైలు ర్యాంపు ఎక్కాం. పాప ఆగిపోయింది. రెండేళ్ళ క్రితం దాన్ని ఆ పార్కుకు తీసుకెళ్ళాం, కాబట్టి లోపల ఏముందో తెలుసు. "పది నిమిషాలు చూసొద్దాం అమ్మా" అంది. పది నిమిషాలకు ఐదుగురి టికెట్లంటే ఎంతో దానికెలా చెప్పను? "ఈసారి అమ్మమ్మా తాతయ్యల ట్రిప్ కదా" అన్నాను. తల ఊపింది కానీ మొహం చిన్నబోయింది, రాత్రి పడుకునే ముందు కాస్త ఏడ్చింది కూడా. పార్కులు మానేస్తే పిల్లలకు ఏమీ అనిపించదని ఎవరైనా చెప్తే నమ్మకండి.

మోనోరైలు మాత్రం ఆ బాధ కొంత తీర్చింది. హోటళ్ళ చుట్టూ తిరిగే రైలు వేరేగా ఉంది, అది ఎక్కండి. 1971 అక్టోబర్ 1న డిస్నీ వరల్డ్ తెరిచిన రోజు నుంచీ ఉన్న హోటల్ కాంటెంపరరీ, రైలు దాని పొట్టలోంచి దూరి పోతుంది. అక్కడ దిగి, లోపల తొంభై అడుగుల పింగాణీ పలకల గోడ చిత్రం చూశాం, మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణి గీసింది. అందులో ఐదు కాళ్ళ మేక ఒకటుంది, ముందే పాపకు చెప్పి వెతకమన్నాను, పావుగంట మౌనం. తర్వాత పాలినీషియన్‌లో డోల్ విప్, అంటే అనాసపండు ఐస్‌క్రీము లాంటిది. మామూలుగా దీన్ని పార్కు లోపల కొనుక్కుంటారు కానీ ఈ హోటల్లో టికెట్ లేకుండానే దొరుకుతుంది. ఆ పక్కన గ్రాండ్ ఫ్లోరిడియన్ హోటల్ లాబీలో క్రిస్మస్‌కు బెల్లప్పచ్చుల్లాంటి జింజర్‌బ్రెడ్‌తో మనుషులు లోపలికి వెళ్ళేంత ఇల్లు కట్టారు. అల్లం, చెక్క వాసన గుప్పున కొడుతుంది. బాబు గోడ నాకబోతే పట్టుకుని లాగాను.

సాయంత్రం పడవలో ఫోర్ట్ వైల్డర్‌నెస్‌కు వెళ్ళాం. ఇది అడవిలాంటి చోటు, టెంట్లు, క్యాబిన్లు, గుర్రాల శాల. నాన్న గుర్రాలను చూసి "మేత బాగా వేస్తున్నారు" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. చీకటి పడ్డాక నెగళ్ళు వేస్తారు, పిల్లలు మార్ష్‌మెల్లోలు కాల్చుకుంటారు, పాటలుంటాయి, అంతా ఉచితమే, పుల్లలూ మార్ష్‌మెల్లోలూ మనం తీసుకెళ్తే. చలి ఉంటుంది, పెద్దవాళ్ళకు స్వెట్టరు, మఫ్లరు మర్చిపోవద్దు.

తర్వాత చెరువు ఒడ్డుకొచ్చి నిలబడ్డాం. దూరంగా అవతలి ఒడ్డున బాణసంచా. అది అయ్యాక నీళ్ళ మీద దీపాల పడవలు వచ్చాయి, ఏడేసి చొప్పున రెండు వరసలు, ఒక్కోదాని మీద దీపాలతో తిమింగలం, తాబేలు, పాములాంటి పెద్ద జంతువు, వెనక పాట. 1971 నుంచీ నడుపుతున్నారు దీన్ని. ఈ కాలపు డ్రోన్ షోల పక్కన చూస్తే సాదాసీదాగా ఉంటుంది. అమ్మ చేతులు జోడించింది. "తెప్పోత్సవమే" అంది. దేవుడు లేడు కదమ్మా అంటే "దీపాలున్నాయిగా" అంది. పాప తాతయ్య భుజం మీద తల పెట్టుకుని, ఏది ఏ జంతువో ఆయనకు పేర్లు చెప్తోంది, తాబేలు దగ్గర ఇద్దరికీ గొడవ వచ్చింది.

నాలుగో రోజు పొద్దున డిస్నీ స్ప్రింగ్స్ అనుకున్నాం, అంటే కొట్లూ హోటళ్ళూ ఉన్న బజారు, లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు, పార్కింగ్ కూడా ఉచితం. రెండు గంటల్లో తిరిగొచ్చేశాం. లెగో కొట్లో పాప, బొమ్మల ధరలు చూసి రూపాయల్లోకి మార్చుకుంటూ నాన్న. వర్షం పడే రోజుకు బాగుంటుంది. మిగతా రోజంతా బాల్కనీయే.

వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని సంగతులు. మేం గదిని డిస్నీ దగ్గర నేరుగా తీసుకోలేదు. డిస్నీ వెకేషన్ క్లబ్ అని వాళ్ళ టైమ్‌షేర్ ఒకటుంది, అందులో సభ్యులు తమ పాయింట్లు వాడుకోకపోతే వేరేవాళ్ళకు అద్దెకిస్తారు, మధ్యవర్తుల ద్వారా. బాగా తక్కువలో వస్తుంది. కానీ మామూలుగా డబ్బు వెనక్కి ఇవ్వరు, ప్రయాణం ఆగిపోతే అంతే సంగతులు, పెద్దవాళ్ళ వీసా చేతికొచ్చాకే కట్టండి. ఇలాంటి గదుల్లో రోజూ వచ్చి శుభ్రం చేసే పద్ధతి కూడా లేదు. రిసార్ట్ ఫీజు అంటూ విడిగా ఏమీ ఉండదు, 2023 జనవరి నుంచి హోటల్లో ఉన్నవాళ్ళకు రాత్రి పార్కింగ్ కూడా ఉచితం. విమానంలో వెళ్ళేవాళ్ళకు ఒకప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి ఉచిత బస్సుండేది, 2022 మొదట్లో తీసేశారు, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి. కిడానీ భవనం బారుగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళుంటే లాబీకి దగ్గర గది కావాలని ముందే అడగాలి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ మిగతా హోటళ్ళకు దూరం, అక్కడి నుంచి బస్సు తప్ప మోనోరైలూ పడవా లేవు. జంతువులు కాకుండా తిరుగుడే మీకు ముఖ్యమైతే, స్కైలైనర్ ఉన్న కరిబియన్ బీచో పాప్ సెంచరీయో తీసుకోండి, అద్దె కూడా తక్కువ.

నాలుగైదేళ్ళ పిల్లలతో మొదటిసారి వెళ్తుంటే ఇలా చేయకండి. యువరాణి కోట ఒక్కటే కళ్ళలో పెట్టుకున్న పిల్లకు జింకను చూపించి సర్దుకోమంటే పాపం. దగ్గర్లో చవక హోటల్ తీసుకుని రెండు రోజులు పార్కుకు పోండి. పెద్దవాళ్ళు, చంటిపిల్లలు, ఇదివరకే పార్కులు చూసేసినవాళ్ళు, లేదా పరిగెత్తడం ఇష్టం లేనివాళ్ళు అయితే మాత్రం మా దారి పట్టండి. నా వరకు ఐదుకు నాలుగున్నర. ఆ అర మార్కు పాప కళ్ళనీళ్ళకు తీసేశాను.

ఆఖరి రోజు పదకొండింటికి గది ఖాళీ చేయాలి. పదిన్నరకు సామాను కారులో పెట్టేశాం, నాన్న ఇంకా బాల్కనీలోనే. అమ్మ లోపల సోఫాలో కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేసింది, అక్కడ రాత్రి తొమ్మిది. పిన్ని భోజనం చేసి పడుకోబోతోంది. "డిస్నీ వరల్డ్ చూశామే, నాలుగు రోజులు" అని గర్వంగా చెప్పింది అమ్మ.

"అవునా అక్కా! మరి ఆ ఎలక కనిపించిందా?"

"ఎలకా? ఎలకా లేదు, ఏం లేదు," అంది అమ్మ, ఫోన్ బాల్కనీ వైపు తిప్పుతూ. "ఎద్దులున్నాయి. మీ బావ వాటిని వదిలి రానంటున్నాడు, నువ్వైనా చెప్పు."